దేవకీదేవి మరువని బిడ్డలు

శ్రీమద్భాగవత దశమస్కంధము శ్రీకృష్ణావతార కథతో ఆరంభమగునని మనమందరము చెప్పుకొందుము. కాని ఆ అవతారమునకు ముందు ఒక తల్లి దుఃఖము కలదు. స్వామి అవతరింపక పూర్వమే దేవకీదేవి ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొన్నది. ఏడవ గర్భము నిలువలేదని లోకమంతయు తలచినది. ఎనిమిదవ గర్భమున పరమాత్మ వచ్చెను. మనము ఆ ఎనిమిదవ గర్భమును జన్మాష్టమి యని పండుగ చేసికొని, ముందున్న ఏడింటిని ఒకటి రెండు మాటలతో దాటివేయుదుము. ఏండ్ల తరబడి పురాణము చెప్పిన నేనును అట్లే దాటివేసితిని. అది తగదని నాకు తెలియజెప్పినవారు పండితులు కారు, ఇద్దరు స్త్రీలు.

పేరులోనే నారాయణుడు గల ఊరు నారాయణఖేడ్. 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, పిదప మెదకు జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. అచ్చటి అంగడిలో తెలుగుతో పాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ వినబడుచుండును. కొన్ని యేండ్ల క్రిందట ఆ ఊరిలో ఒక ఆలయ మంటపమున దశమస్కంధ పురాణము చెప్పుచుంటిని. మొదటి దినమున కంసుని భయము, దేవకీ వసుదేవుల చెర, ఆరుగురు బిడ్డల వధ చెప్పి, "ఏడవ గర్భము పోయినదని జనులు తలచిరి" అని ఒక్క మాటతో ముగించి అవతార ఘట్టమునకు వచ్చితిని. మంగళహారతి అయినది. తీర్థప్రసాదములు స్వీకరించి అందరును వెడలిరి. స్తంభము ప్రక్కన ఒక యువతి మాత్రము నిలిచియుండెను.

"అయ్యగారూ, ఏడో కడుపు పోయిందని ఒక్క మాట చెప్పి మీరు ముందుకు పోతిరి. అప్పుడు దేవకమ్మ ఏడ్చిందా?" అని ఆమె అడిగెను. నేను మాటాడకుండుట చూచి తానే మరల ఇట్లనెను: "నాకు ఐదో నెలల కడుపు పోయింది. ఆ బిడ్డకు పేరు లేదు, మొఖం తెల్వదు. ఇంట్ల ఏడ్వద్దంటున్నరు. పేరు లేని బిడ్డ కోసం ఏడిస్తె తప్పా అయ్యగారూ?"

పాఠశాలలో పండ్రెండేండ్లు చదివిన నాకు ఆ క్షణమున ఒక్క మాటయు తోచలేదు. "రేపు రమ్మా, గ్రంథము చూచి చెప్పెదను" అని పంపివేసితిని.

ఆ రాత్రి బసలో దీపము ముందు దశమస్కంధము తెరచి, ద్వితీయాధ్యాయమును పైకి చదువుచుంటిని. మా గృహిణి వినుచుండెను. ఏడవ గర్భమున అనంతుని తేజస్సు ప్రవేశించినదనియు, ఆ గర్భము దేవకికి హర్షమును శోకమును కూడ పెంచినదనియు అచ్చట వ్యాసభగవానులు చెప్పిరి. గర్భమును మోయు ఆశ యొకవైపు, పుట్టిన బిడ్డ బ్రతుకునో లేదో యను దిగులొకవైపు. తరువాత శ్రీహరి ఆజ్ఞచే యోగమాయ ఆ గర్భమును నందగోకులమున నున్న రోహిణీదేవి గర్భమునకు చేర్చినది. గర్భమును ఆకర్షించుటచేతనే ఆ బాలునకు సంకర్షణుడను నామము కలిగినది. మథురలోని జనులకు ఈ సంగతి తెలియదు. అయ్యో, దేవకి గర్భము జారిపోయినదే యని పౌరులందరును ఎలుగెత్తి వాపోయిరని వ్యాసులవారు వ్రాసిరి.

అంతవరకు చదివి ఆగితిని. మా గృహిణి మెల్లగా, "ఆ ఊరివారు పుణ్యాత్ములు. దేవకి గర్భం పోయిందని ఊరంతా అయ్యో అన్నారు. నాకు పోయిన నాడు మీరు కూడా శ్లోకమే చెప్పారు" అనెను.

సుమారు నలువదేండ్ల క్రిందటి మాట అది. మాకు తొలిచూలు మూడవ నెలలో పోయినది. అప్పుడు నేను చిన్నవాడను, విద్యాగర్వము గలవాడను. ఆత్మకు పుట్టుక చావులు లేవని గీతార్థము బోధించితిని. ప్రారబ్ధమంటిని. మరల కలుగును లెమ్మంటిని. ఆమె తల వంచుకొని వినెను. నా బోధ ఫలించినదని సంతసించితిని. నలువదేండ్లు ఆమె ఆ మాట ఎత్తలేదు. నేను చెప్పిన అర్థములో తప్పు లేదు. చెప్పిన వేళ తప్పు, చెప్పిన నోరు తప్పు. ఆ వేళ ఆమెకు కావలసినది మథురాపుర జనుల నోటి "అయ్యో" యను ఒక్క మాట. అది నా నోట రాలేదు.

పాఠకమహాశయులారా, ఇచ్చట ఒక విషయమును గమనింపుడు. ఏడవ గర్భమునకు నిజముగా హాని కలుగలేదు. బాలుడు గోకులమున క్షేమముగా నున్నాడని వ్యాసులకు తెలియును, శుకులకు తెలియును, వినుచున్న పరీక్షిత్తునకు తెలియును. కావున పౌరుల ఏడ్పు తెలియనివారి ఏడ్పని దానిని విడిచివేయవచ్చును. కాని వ్యాసులు విడువలేదు. వారిని అజ్ఞానులని నిందింపనులేదు. ఒక స్త్రీ గర్భము పోయినదని విన్నప్పుడు లోకము చేయవలసినదేమో ఆ పౌరులు చేసిరి. ఆ బిడ్డకు పేరు పెట్టలేదు, ముఖము ఎవరును చూడలేదు. అయినను నగరమంతయు ఏడ్చినది. ఆ ఏడ్పు పరమహంస సంహితయగు భాగవతమున శాశ్వతముగా నిలిచినది.

దేవకీదేవి ఆ దుఃఖమును మరచెనా? ఎనభైయైదవ అధ్యాయము చూడుడు. కంసుడు హతుడై ఎంతో కాలము గడచినది. కురుక్షేత్రమున సూర్యగ్రహణ తీర్థయాత్రయు ముగిసినది. రామకృష్ణులు పెద్దవారైరి, లోకములు వారిని కొనియాడుచున్నవి. సాక్షాత్తు పరబ్రహ్మమే తనను అమ్మా యని పిలుచుచున్నాడు. ఏ తల్లికి ఇంతకంటె భాగ్యము కలదు? అట్టి దేవకి కంట నీరు పెట్టుకొని, గురువైన సాందీపనికి మృతపుత్రుని తెచ్చి యిచ్చినట్లు, కంసుడు చంపిన నా బిడ్డలను నాకు ఒక్కసారి చూపుడని కుమారులను వేడుకొనెను.

"మరల కలుగును లెమ్ము" అనువారు ఈ ఘట్టమును బాగుగా తలచుకొనవలెను. దేవకికి మరల కలిగిన బిడ్డ శ్రీకృష్ణుడు. కృష్ణుడు కలిగినను ఆమె ముందటి బిడ్డలను మరువలేదు. ఒక బిడ్డ మరియొక బిడ్డకు బదులు కాజాలడు.

స్వామి ఏమి చేసెనో అది ఇంకను ముఖ్యము. కురుక్షేత్రమున అర్జునునకు గీతనుపదేశించిన జగద్గురువు ఆయన. తల్లికి రెండు మాటలు వేదాంతము చెప్పలేడా? ఇన్నాళ్ళకు ఈ ఏడ్పెందుకనలేడా? ఆయన ఒక్క మాటయు అనలేదు. అన్నతో కూడ సుతలమునకు వెళ్ళెను. బలిచక్రవర్తిని అడిగి ఆ ఆరుగురిని తెచ్చి తల్లి ఒడిలో పెట్టెను. ఆమెకు చన్నులు చేపినవి. వారిని కౌగిలించి, మాటిమాటికి శిరస్సులు మూర్కొని, పాలిచ్చెను. తరువాత వారు అందరికిని నమస్కరించి దివ్యలోకమునకు వెడలిరి. తల్లి కన్నీరు చూచి భగవంతుడు లేచి నడచినాడు. మనమేమో కూర్చుండి ఉపన్యసించుచున్నాము.

అచ్చటనే మరియొక రహస్యము కలదు. ఆ ఆరుగురు పూర్వము మరీచి పుత్రులనియు, బ్రహ్మదేవుని చూచి నవ్విన అపరాధమున ఆ జన్మము పొందిరనియు స్వామియే బలికి చెప్పెను. వారి అల్పాయువునకు కారణము వారి చరిత్రలో నున్నది. దేవకి చేసిన పాపమని భాగవతము ఎచ్చటను అనలేదు. మనవారో, గర్భము పోయిన స్త్రీని చూడగానే ఏ నోము ఉల్లంఘించెనో, ఏ గ్రహణమున బయటకు వచ్చెనో, ఏ బరువెత్తెనో యని తప్పు వెదకుదురు. పిండమున్నది ఆమె గర్భమున గనుక పాపమును ఆమెదే యందురు. ఇది భాగవతమునకు సమ్మతము కాదు.

వైద్యమునకును సమ్మతము కాదు. గాలికి, పురుగుకు, దెబ్బకు పండు అకాలమున రాలునట్లు గర్భమును జారునని సుశ్రుతుడు నిదానస్థానమున చెప్పెను. పండు రాలినందుకు చెట్టును నిందించువాడు లేడు. నేటి వైద్యుల లెక్కలో, గర్భము తెలిసిన పిదప కూడ నూటికి సుమారు 10 నుండి 15 గర్భములు నిలువవు. తొలి మూడు నెలలలో పోవువానిలో సుమారు సగము బీజమున క్రోమోజోముల సంఖ్య తప్పుటచేతనే పోవును. ప్రాచీనులు బీజదోషమన్నది ఇట్టిదే. అది తల్లి నడకతో, తిండితో, తలపుతో వచ్చునది కాదు.

ధర్మశాస్త్రము మాట వినుడు. నాలుగవ నెల వరకు స్రావము, ఐదారు నెలలలో పాతము, అటుపిమ్మట ప్రసూతి యని పరాశరస్మృతి విభజించినది. ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రులు తల్లికి ఆశౌచమని మనువు చెప్పెను. ఆశౌచమనగా పాపము కాదు. ఏమియు జరుగలేదని శాస్త్రము అనలేదు, నెలలు లెక్కించి మరీ చెప్పినది. ఆ రాత్రులు ఆమెకు విశ్రాంతి. 1961వ సంవత్సరమున మన దేశము చేసిన ప్రసూతి ప్రయోజన చట్టము గర్భస్రావమైన ఉద్యోగినికి వేతనముతో ఆరు వారముల సెలవు విధించినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఆ నియమము నిలిచినది. స్నానమైన పిదప ఆమె ఆలయమునకు రావచ్చును, తులసి అందుకొనవచ్చును. అట్టి స్త్రీని సీమంతమునకు, తొట్టెల పేరంటమునకు పిలువకుండుట, పసుపు కుంకుమల వేళ ప్రక్కకు నెట్టుట, నేను చదివిన శాస్త్రమున ఎచ్చటను లేదు. అది మన కాఠిన్యము, శాస్త్రము కాదు.

గర్భమున పోయిన శిశువునకు ఉదకక్రియ లేదు, శ్రాద్ధము లేదు. విధి లేదు గనుక దుఃఖమును లేదని కొందరు భ్రమింతురు. కర్మ లేనందువలననే ఆ దుఃఖమునకు ఆశ్రయము కరవైనది. పెద్దవారు పోయినచో పది దినములు బంధువులు వత్తురు, పలుకరింతురు. ఈ తల్లికి పలుకరించువారు లేరు.

"ఉత్తర గర్భమును స్వామి కాపాడెను గదా, నన్నేల కాపాడలేదు? నా భక్తి చాలలేదా?" అని కొందరు తల్లులు లోలోపల కుములుదురు. అశ్వత్థామ అస్త్రము తరుమగా ఉత్తర శరణు వేడినది, స్వామి ఆ గర్భమును కాచినది నిజము. కాని అదే ఉత్తర భర్తయైన అభిమన్యుడు స్వామికి మేనల్లుడు. అతడు యుద్ధమున కూలినాడు. స్వామి చెల్లెలు సుభద్ర ఏడ్చినది. ఆమె భక్తి తక్కువయని ఎవరందురు? రక్షణ భక్తికి తూకమువేసి ఇచ్చు వెల కాదు. ఏ గర్భము ఎందుకు నిలుచునో, ఏది ఎందుకు నిలువదో చెప్పగల జ్ఞానము నాకు లేదు. ఏడ్చిన తల్లిని స్వామి విడువలేదని మాత్రము చెప్పగలను.

మన పూర్వాచార్యులు ఈ సంగతి ఎరుగుదురు. చేరరాజ్యము నేలిన కులశేఖరాళ్వారులు పెరుమాళ్ తిరుమొళిలో ఏడవ దశకమును దేవకి మాటగా, కృష్ణుని బాల్యమును చూడలేకపోయిన తల్లి ప్రలాపముగా పాడిరి. రాజయ్యును, పురుషుడయ్యును, తల్లి శోకమును తన గొంతున ధరించుట భక్తి యని వారు తలచిరి.

మరునాడు ఆ యువతి వచ్చెను. వెంట ఆమె అత్తగారును ఉండిరి. ముందుగా "అయ్యో తల్లీ" అంటిని. నలువదేండ్ల క్రిందట అనవలసిన మాట అది. పిమ్మట ఆ ఘట్టమును తొందర లేక చదివి అర్థము చెప్పితిని. "ఏడ్చుట తప్పు కాదమ్మా. నీ బిడ్డకు పేరు లేకున్నను ఏడ్వవచ్చును. పేరు లేని ఆ ఏడవ గర్భమునకు మథురయే ఏడ్చినది" అంటిని. అత్తగారు కొంతసేపు ఊరకుండి, "నాకు సుత ఒకటి పోయిందయ్యగారూ. నన్ను గూడ ఏడ్వనియ్యలే" అని కోడలి తలపై చేయి వేసిరి. మా గృహిణి ఆ ఇరువురకు బొట్టు పెట్టి, పండ్లిచ్చి, చాలసేపు వారితో కూర్చుండెను. వారేమి మాటాడుకొనిరో నేనడుగలేదు.

గృహస్థులారా, మీ ఇంట ఇట్టిది జరిగినచో ముందు అయ్యో యనుడు. కారణము వెదకకుడు, నింద మోపకుడు. తండ్రియు దుఃఖించునని మరువకుడు, వసుదేవుడును ఆ చెరలోనే యుండెను. రక్తస్రావము అధికమైనను, జ్వరము వచ్చినను మొక్కులతో కాలము పుచ్చక వెంటనే వైద్యశాలకు తీసికొనిపొండు. ఆర్‌హెచ్ నెగటివ్ రక్తము గల తల్లికి వలసిన సూదిమందు గూర్చి వైద్యుని అడుగుడు. గర్భము పలుమారు పోయినచో దంపతులిద్దరును పరీక్ష చేయించుకొనవలెను. మరల ఎప్పుడని ఆమెను తొందరపెట్టకుడు. మాటాడదలచినచో వినుడు, మౌనముగా నున్నచో ప్రక్కన కూర్చుండుడు.

తల్లులారా, విష్ణుసహస్రనామము పఠించునప్పుడు చివరి వరుసలలో దేవకీనందనుడను నామము వచ్చును. అచ్చట క్షణము ఆగుడు. అనంతనామములు గల స్వామి, ఇన్ని బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి పేరును తన పేరుగా ధరించినాడు. గర్భము పోయిన తల్లి ఆయనకు అశుభము కాదు. ఆయన వచ్చి వసించినది అట్టి తల్లి గర్భముననే.

శుభమ్ భూయాత్.