అతుకు సంగతి చెప్పాలా?

మే నెల గూడూరు ఎండలో పాత కారు ఇంజిన్ కుతకుతలాడుతుంటే కంగారులో చేసే పని, రేడియేటర్లో చల్లటి నీళ్లు గుమ్మరించడం. పోత ఇనుము ఆ దెబ్బకి ఒక్కోసారి పగులుతుంది. దాని లోపల గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. పగులు ఆ రేకుల వెంటే పాకుతుంది. గూడూరు, సైదాపురం గనుల అభ్రకానికి రేకులుగా విడిపోవడమే విలువ తెచ్చింది. ఇంజిన్ బ్లాకుకి అదే చేటు.

పగులు బయటివైపు, నీళ్లు తిరిగే గోడ మీద ఉంటే ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చు. రెండు చివర్లా చిన్న రంధ్రం వేస్తే అది ఇంక సాగకుండా ఆగుతుంది. పగులు వెంట గాడి తీసి, నూనె మరక లేకుండా తుడిచి, ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ నింపి ఓ రోజు ఆరనివ్వాలి. అది ఏళ్ల తరబడి నిలవచ్చు, నిలవకపోనూవచ్చు. సిలిండర్ లోపలి పగులుకి ఈ వైద్యం పనికిరాదు.

చిక్కంతా బండి అమ్మేటప్పుడు వస్తుంది.

బ్లాకే మార్చేస్తే దానిమీది ఇంజిన్ నంబరు మారుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కాలి. అతుకు వేస్తే నంబరు అదే, ఆర్సీ అదే. కోడ్‌లో ప్యాచ్ వేస్తే కమిట్ లాగ్‌లో కనీసం ఒక లైను మిగులుతుంది. ఈ ప్యాచ్ మాత్రం వేసినవాడి బుర్రలో తప్ప ఇంకెక్కడా నమోదు కాదు.

మరి కొనేవాడికి చెప్పాలా? 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్లో ఒక ఉదాహరణ ఉంది. ఒకతను తన గుర్రంలో లోపం ఉందని తెలిసీ నోరు మెదపకుండా వేలంలో అమ్ముతాడు. అది మోసం కాదంటుంది చట్టం. కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన అతని కూతురైతే మాత్రం చెప్పి తీరాలంటుంది. ఇంకో ఉదాహరణలో, "మీరు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అంటాడు కొనేవాడు. అక్కడ అమ్మేవాడి మౌనం మాటతో సమానం. ఇక తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపెట్టడం, అంటే పగులు మీద పెయింట్ కొట్టడం లాంటిది, ఎవరి విషయంలోనైనా మోసమే.

అతుకు తప్పు కాదు, దాచడం తప్పు. మధ్యలో ఉన్న మౌనాన్ని చట్టం చాలావరకు మన ఇష్టానికే వదిలేసింది.

పాత బండంటేనే అతుకులు, కొనేవాడు మెకానిక్‌ని తెచ్చుకోవచ్చుగా, చెబితే రేటు పడిపోతుంది అనొచ్చు. రేటు పడిపోతుంది, నిజమే. ఆ డబ్బు అవసరమున్న ఇల్లే కావచ్చు. కానీ చెబితే మనం పోగొట్టుకునే ఆ మొత్తమే, చెప్పకపోతే ఎదుటివాడి జేబులోంచి తీసుకునే మొత్తం. మెకానిక్ పొగ చూస్తాడు, చప్పుడు వింటాడు. బ్లాకు మీద గ్రీజు మరక వెనక ఏముందో వేసినవాడికే తెలుసు. ఆ అతుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద, చెన్నై ఆసుపత్రికి పోయే దారిలో ఊడితే, బండిలో ఉండేది మనం కాదు.

కొనేవాడు మన కూతురు కాడు. చట్టం కూతుర్నే ఎందుకు తెచ్చింది? ఆమె మన మాట మీద నమ్మకంతో కొంటుంది గనక అని నాకనిపిస్తుంది. బానెట్ ఎత్తి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి "ఇబ్బందేం లేదు కదన్నా?" అని అడిగే మనిషి కూడా ఆ నమ్మకంతోనే అడుగుతాడు. "ఇదిగో, ఇక్కడ ఎపాక్సీ వేశాం" అని వేలుపెట్టి చూపిస్తేనే ఆ రిపేరు పూర్తయినట్టు.