భుజం దిగని సంచి

అమ్మడూ, ఉద్యోగానికని మొదటిసారి ఒంటరిగా ఊరు దాటుతున్నావు. పెద్ద సూట్‌కేసు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, దాని జోలికి నేను రాను. నేను చెప్పేదల్లా భుజానికి తగిలించుకునే ఆ చిన్న సంచి గురించే. పెద్దది పోయినా, దారి తప్పినా, ఒక రాత్రీ ఒక పగలూ నీకు ఇబ్బంది లేకుండా గడిచేంత సరుకు అందులో ఉండాలి. అంతకుమించి ఉండకూడదు. బరువెక్కితే దాన్ని సీటు మీద పెట్టి దిగుతావు. సీటు మీదున్న సంచి ఉన్నా లేనట్టే.

రైల్వేలో పనిచేసినన్నాళ్లూ ఇలాంటివాళ్లను చూస్తూనే ఉన్నాను. నీళ్లకని ప్లాట్‌ఫారం మీదికి దిగుతారు, బండి కదిలిపోతుంది. చేతిలో ఖాళీ సీసా, కాళ్లకు హవాయి చెప్పులు. ఫోను బోగీలో ఛార్జింగుకు పెట్టి ఉంటుంది, పర్సు దిండు కింద ఉంటుంది. ఏడుస్తూ స్టేషన్ మాస్టరు గదికి వస్తే మేం ముందు అడిగేది బోగీ ఏది, బెర్తు ఎంత అని. అది చెప్పగలిగితే ముందు స్టేషనుకు కబురుపెట్టి సామాను దింపించే ప్రయత్నం చేయవచ్చు. చాలామందికి గుర్తుండదు. టికెట్టు ఫోనులోనే కదా ఉంది!

అందుకని తల్లీ, ఆ సంచిలో అన్నిటికన్నా ముందు పెట్టాల్సింది ఒక కాగితం ముక్క. పది అంకెల పీఎన్ఆర్, బండి నంబరు, బోగీ, బెర్తు, దిగాల్సిన చోట చిరునామా, అమ్మానాన్నల నంబర్లు రాసిపెట్టు. వానకు తడవకుండా చిన్న జిప్ కవరులో వెయ్యి. ఇప్పటి పిల్లలకు సొంత నంబరు తప్ప ఇంకొకటి నోటికి రాదు. ఫోను ఆరిపోయినప్పుడు పక్కనున్న పుణ్యాత్ములు తమ ఫోను ఇచ్చినా ఎవరికని చేస్తారు? రైల్లో సాయానికి 139, ఎక్కడ ఆపదొచ్చినా 112. ఈ రెండూ మాత్రం కాగితం చూడకుండానే చెప్పగలగాలి.

ఆ కవరులోనే గుర్తింపు కార్డు, అసలుది. ఆన్‌లైన్ టికెట్టుకు జిరాక్సు చెల్లదు. డిజీలాకర్‌లోని ఆధార్‌ను ఒప్పుకుంటారు గానీ, దానికీ ఫోను బతికుండాలి. డబ్బు రెండు చోట్ల పెట్టుకో. ఐదువందల నోటు ఒకటో రెండో లోపలి అరలో ఉండనీ, పదులూ ఇరవైలూ యాభైలూ పై అరలో. అర్ధరాత్రి ఆటో దిగాక సిగ్నలు లేక డబ్బు వెళ్లిందో లేదో తెలియని స్థితిలో నువ్వు రోడ్డు మీద నిలబడటం నాకు ఇష్టం లేదు.

ఇక మందులు. ఇక్కడ మాత్రం నేను పట్టుబడతాను. నీ ఇన్‌హేలరు పెద్ద సూట్‌కేసులోకి వెళ్లడానికి వీల్లేదు, విమానమైనా రైలైనా బస్సైనా సరే. రోజూ వేసుకునే మాత్రలు ఉంటే రెండు మూడు రోజులకు సరిపడా, డాక్టరు చీటీ ఫొటోకాపీతో సహా ఇందులోనే. మాత్రలను విడదీసి డబ్బాలో పోయకు, షీటుతోనే పెట్టు. షీటు కత్తిరించాల్సి వస్తే పేరూ గడువు తేదీ ఉన్న వైపు నీ దగ్గర ఉంచుకో. పారాసెటమాల్ నాలుగు, గాయానికి అంటించే పట్టీలు నాలుగు, ప్యాడ్లు రెండు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. ఈ ఓఆర్ఎస్ విషయం బాగా విను. లీటరు నీళ్ల ప్యాకెట్టును గ్లాసులో కలుపుకుని తాగేస్తుంటారు, చిక్కగా ఉంటే బలమని. అది తప్పు, ఒంట్లో ఉప్పు హద్దు మీరుతుంది. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి. కలిపింది ఒక్క రోజే, మిగిలితే పారబోయాలి.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్‌ది చాలు. పెద్దది కొంటే రాయి మోసినట్టే. కొన్ని రైళ్లలో రాత్రి పదకొండు దాటాక ఛార్జింగు పాయింట్లకు కరెంటు ఆపేస్తారు, అప్పుడు ఇదే దిక్కు. విమానమెక్కితే దీన్ని చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. కేబులు జానెడుది తీసుకో.

పలచటి నూలు తువాలు ఒకటి తప్పకుండా పెట్టుకో. ముఖం తుడుచుకోవచ్చు, ఎండకు తలమీద వేసుకోవచ్చు, ఏసీ చలికి చెవులకు చుట్టుకోవచ్చు. పిన్నీసులు, చిన్న టార్చి, అర లీటరు స్టీలు సీసా, రెండు వేరుసెనగ చిక్కీలు. పులిహోర ఇందులో వద్దు, నూనె కారి కాగితాలన్నీ పాడవుతాయి. గొలుసూ తాళమూ కూడా ఇందులోనే. కింది బెర్తు అడుగున గొలుసుకని రింగులుంటాయి, ఎక్కగానే సూట్‌కేసు కట్టెయ్.

పది పనిముట్లు మడతపెట్టిన ఆ కత్తులు దుకాణంలో చూడముచ్చటగా ఉంటాయి. కొనకు. విమానాశ్రయంలో తీసేసుకుంటారు, రైల్లో దాంతో నీకు పనేమీ ఉండదు.

ఇంకొక్క మాట. ప్రతి వస్తువుకూ ఒకే అర కేటాయించి, చీకట్లో కూడా చెయ్యి నేరుగా దానిమీదికే వెళ్లేలా అలవాటు చేసుకో. ఊరి నుంచి వచ్చాక ఈ సంచిని ఖాళీ చేయకు. వాడినవేవో ఆ రాత్రే మళ్లీ పెట్టేసి మేకుకు తగిలించు. ఏ ఫోనో వచ్చి హడావిడిగా బయల్దేరాల్సినప్పుడు వెతుక్కునే పని ఉండదు.

నీ బండి ఎల్లుండి కదా. కాగితం ఇవాళే రాసెయ్ తల్లీ. రాసి, నాకొకసారి చూపించు.