శాకంభరీ ప్రసాదము



జగన్మాతకు గల అనేక నామములలో శాకంభరి యనునది ఒకటి. ఈ నామమునకు మూలమైన గాథ దేవీభాగవతమునందు సప్తమ స్కంధమున కలదు. దుర్గముడను రాక్షసుడు వేదములను అపహరింపగా యజ్ఞములు నిలిచిపోయినవి, వానలు వెనుదీసినవి, భూమి బీటలు వారినది. బిడ్డల ఆర్తనాదము విని తల్లి శతాక్షియై తొమ్మిది అహోరాత్రములు కన్నీరు కార్చినది. ఆ కన్నీరే వర్షమైనది. అంతటితో ఆమె ఊరకుండలేదు. ఆకొన్నవారికి స్వహస్తములతో శాకములను, ఫలములను అందించినది. ఆ శాకములు తల్లి దేహమునుండియే పుట్టునని దేవీమాహాత్మ్యము చెప్పుచున్నది. తల్లి మొదట చేసినది ఉపదేశము కాదు. బిడ్డలకు కూర పెట్టుట.

నేటికిని ఆషాఢమాసమున విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మను మూడు దినములు కూరగాయలతో అలంకరించి, పూర్ణిమతో ఉత్సవమును ముగింతురు. కదంబమును ప్రసాదముగా పంచుదురు. అచ్చట కన్నులకద్దుకొన్న శాకమునే ఇంటికి వచ్చి విస్తరి అంచునకు నెట్టుట ఎట్టి భక్తి?

గోదావరి తీరవాసులమైన మనము ఈ ప్రశ్నను మరింతగా ఆలోచింపవలెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు పారినచోటనెల్ల వరి పండినది. అది మన భాగ్యము. కాని విస్తరిలో అన్నపురాశి కొండయై, కూర వ్రేలెడు చోటికి ఒదిగిన గృహములు నేడెన్నియో కలవు. ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు ఉన్న చాలునందుము. అది నాలుకకు పండుగయే, నిత్యభోజనమునకు చాలదు. పనసపొట్టు, కందబచ్చలి, అరటిదూట, తోటకూర పులుసు వండ నేర్చిన సీమ మనది. కడియము నర్సరీలనుండి పూలమొక్కలు తెచ్చుకొను మనకు, పెరటిలో ఒక మునగకొమ్మ నాటుట భారమా?

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళగానివేళ వచ్చిన బాటసారికిని లేదనక వడ్డించిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆ తల్లి పేరు పెట్టినది. అట్టి సీమలో పుట్టిన నేను ఒక పొరపాటు చేసితిని. చెప్పక తప్పదు.

ఒక కార్తికమున ఒక గ్రామమున ఆతిథ్యము పొందితిని. ఇల్లాలు వంకాయకూర వడ్డించినది. రుచికి లొంగి మారు అడిగితిని. ఆమె నవ్వుచు పెట్టినది. చేయి కడుగుకొనుటకు పెరటివైపు పోవుచు, ఆమె వంటింటి మూలను కూర్చుండి మజ్జిగ అన్నములో ఊరగాయబద్ద నంజుకొనుట కంటిని. కూరగిన్నె బోర్లించియున్నది. ఆమె పాలు నేను తింటిని!

ద్రౌపది అక్షయపాత్ర కథ మీరెరిగినదే. అందరి పిమ్మట ఆమె భుజించువరకు ఆ పాత్ర తరుగదు. కడపట తినువారికిని లోటు రాకుండుటయే ఆ వరములోని మర్మము. ఆమె భుజించిన పిమ్మట మిగిలిన ఒక మెతుకును, ఒక ఆకును కృష్ణుడు స్వీకరింపగా దుర్వాసాదుల ఆకలి తీరినది. మన గిన్నెలలోనో, కడపటి ఇల్లాలికి ఆ ఆకైనను మిగులుట లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్ర స్త్రీలలో సగముకన్న ఎక్కువమందికి రక్తహీనత కలదు. దీనికి కారణములు పెక్కు. పోషకాహార లోపము వానిలో ముఖ్యము.

కావున ఈ నియమములను వ్రతముగా స్వీకరింపుడు. అన్నము ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచుడు. మనిషికి దినమునకు కూరలు, పండ్లు కలిపి కనీసము 400 గ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దినమునకొక ఆకుకూర వండుడు. తినునప్పుడు నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము ఒంటబట్టును. ఉడికించిన నీటిని పారబోయక పప్పులోనో, చారులోనో కలుపుడు. అన్నింటికన్న ముఖ్యముగా, వండినవారి పాలు కూరను ముందే వేరు గిన్నెలో తీసి మూత పెట్టుడు. మారు అడుగుటకు ముందు పురుషులు ఆ గిన్నె వైపు చూడుడు.

ఇది ధనవంతులకే సాధ్యమైన వ్రతము కాదు. పెరటి పాదు, దొడ్డిలోని బచ్చలి తీగ చాలును. ఇల్లాలి విస్తరిలో కూర నిండిననాడు ఆ ఇంట శాకంభరి భుజించినట్లే. ఆ తల్లి మన గృహములను చల్లగా చూచుగాక!

స్వస్తి.