నీళ్లు మోసిన చేతులు

"బొగ్గు గనిని కూడా గోల్కొండ కోటలా కాపాడాలంటావా?" అన్నారు మావారు.

ఇంగ్లండులో స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గరున్న చాటర్లీ విట్‌ఫీల్డ్ గని గురించి చదివి వినిపిస్తున్నాను లెండి. 1937లో ఒక్క ఏడాదిలోనే 10 లక్షల టన్నుల అమ్మకపు బొగ్గు తీసి, ఆ దేశంలో అంత తీసిన మొదటి గని అనిపించుకుంది. 1977లో మూతపడింది. తర్వాత మ్యూజియం చేస్తే, అదీ 1993లో మూతపడింది. చట్టం రక్షణ ఉన్నా, భవనాలు శిథిలమై ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కాయి.

మసినీ చావుల్నీ గుర్తుచేసే గోడలకి అంత ఖర్చెందుకు? ఆ డబ్బుతో బతికున్నవాళ్లకేదైనా చేయొచ్చుగా? మావారి మాటలో న్యాయం లేకపోలేదు. నేనూ ఒప్పుకునేదాన్నే, అక్కడ ఆ స్నానాల భవనం లేకపోతే.

అది 1930లలో కట్టింది. అలాంటివి రాకముందు గనిపనివాళ్లు మసి ఒంటితోనే ఇంటికొచ్చేవారు. భార్య నీళ్లు మోసి, మరగబెట్టి, పొయ్యి ముందు రేకుతొట్టిలో పోసి, వీపు రుద్దేది. మొగుడిదో షిఫ్టు, కొడుకులదో షిఫ్టు అయితే రోజంతా అదే చాకిరీ. మరిగే నీళ్లు పడి పిల్లలు కాలిన ఇళ్లున్నాయి. బరువులెత్తి కడుపు పోగొట్టుకున్న తల్లులున్నారు. 1926లో చట్టం చేసి, భూస్వాములకి ముట్టే బొగ్గు రాయల్టీలో కొంత వసూలుచేసి, గనుల దగ్గర స్నానాల గదులు కట్టించసాగారు. మసిబట్టలకో లాకరు, మంచిబట్టలకో లాకరు, మధ్యలో వేణ్ణీళ్ల జల్లు!

గనిలోకి దిగిన మగవాడికి గుర్తుగా బావిమీద ఇనుపచక్రం నిలిచింది. ఇంట్లో ఆడది మోసిన నీళ్లకి గుర్తేది? ఒలికిన నీళ్లు ఆరిపోతాయి. ఆ చాకిరీ ఎంతుండేదో చెప్పడానికి, దాన్ని తప్పించిన ఆ గోడలైనా మిగలొద్దూ?

"అయితే ఆ ఒక్కటీ ఉంచి, మిగతావి పడగొట్టమను" అన్నారు మావారు.

"గనే లేకపోతే ఆ మసి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికి తెలుస్తుందండీ?"

బతికున్నవాళ్ల అన్నం తర్వాతే గోడలు, కాదనను. కానీ రాజుల కోటలకి ఖర్చుపెట్టేటప్పుడు మనం ఈ లెక్క అడుగుతున్నామా? చాకిరీ చేసినవాళ్ల వంతు వచ్చేసరికే గుర్తొస్తుందేం?

మావారు జవాబు చెప్పలేదు. తువ్వాలు భుజాన వేసుకుని లేస్తూ అన్నారు:

"గీజరు వేశావా?"