రెండవ ప్రవేశం

కళాశాల రిజిస్టరులో విద్యార్థి పేరు ఒక్కసారే నమోదవుతుంది గాని, ఇల్లు విడిచి హాస్టల్లో ఉండి చదువుకొనేవారి విషయంలో మాత్రం ప్రవేశాలు రెండని చెప్పవలసి ఉంటుంది. మొదటిది ర్యాంకు, కౌన్సెలింగు, తల్లిదండ్రుల స్తోమత కలిసి నిర్ణయించేది; రెండవది సంక్రాంతి సెలవులు ముగిసి, కనుమ దాటి, సంచి సర్దుకొని తిరిగి బస్సెక్కడంతో జరిగేది. మొదటిదాని కోసం కుటుంబాలు నెలల తరబడి తర్జనభర్జన పడతాయి, పత్రికలు అనుబంధాలు వేస్తాయి. రెండవది ఎవరి లెక్కలోకీ రాదు. అయినప్పటికీ విద్యార్థి చదువును తన చదువుగా చేసుకొనేది ఈ రెండవ ప్రవేశంలోనే. జూన్, జూలై నెలల్లో తొలిసారి వెళ్లేటప్పుడు ఆ చోటు ఎలాంటిదో తెలియదు కనుక వెళ్లడానికి ఉత్సాహం సరిపోతుంది. జనవరిలో మాత్రం మెస్సులో చారు ఎలా ఉంటుందో, ఏ పాఠం అర్థం కాకుండా మిగిలిపోయిందో, ఏ స్నేహం చెడిందో అన్నీ తెలిసే వెళ్లాలి. తెలిసిన కష్టానికి తిరిగి వెళ్లడానికి కావలసింది అంగీకారం, అనగా ఎదురుకాబోయేదాన్ని పూర్తిగా ఎరిగి, మానుకొనే వీలు ఉందని కూడా ఎరిగి, దానికే తలొగ్గడం.

ప్రాచీన విద్యావ్యవస్థకు ఈ సంగతి తెలియనిది కాదు. ధర్మశాస్త్రాలు చెప్పే అధ్యయన క్రమంలో వేదం చదవడం శ్రావణ పూర్ణిమ నాడు గాని భాద్రపద పూర్ణిమ నాడు గాని ఉపాకర్మతో మొదలవుతుంది. ఏటేటా అధ్యయనానికి పూనుకొంటూ చేసే కర్మకు ఉపాకర్మ అని పేరు. నాలుగున్నర నెలలు చదివిన తరువాత, పుష్యమాసంలో గాని మాఘ శుద్ధ పాడ్యమి నాడు గాని, ఊరి వెలుపల ఉత్సర్జనం చేయాలని, అంటే పట్టిన అధ్యయనాన్ని విధిపూర్వకంగా విడిచిపెట్టాలని మనుస్మృతి నాలుగవ అధ్యాయం చెబుతుంది. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే చాంద్రమాసానికే పుష్యమని పేరు కనుక, నేటి కళాశాలలు సెలవులిచ్చే కాలమూ ఆ విరామ కాలమూ ఇంచుమించు ఒకటే కావడం గమనింపదగినది. అంతకన్నా ముఖ్యమైనది ఆ తరువాతి విధి. స్వల్పకాలపు అనధ్యాయం, అనగా చదువు నిషిద్ధమైన విరామం, ముగిశాక విద్యార్థి పాత పద్ధతిలోనే చదువు కొనసాగించడు. శుక్లపక్షంలో వేదాన్ని, కృష్ణపక్షంలో వ్యాకరణం, ఛందస్సు, నిరుక్తం మొదలైన వేదాంగాలను చదవాలి. విరామానికి ముందున్న చదువు, తరువాతి చదువు ఒకే పోగుగా సాగవని, తిరిగి మొదలుపెట్టడానికి దానిదైన క్రమం అవసరమని ఆ విధిని ఏర్పరచినవారు గ్రహించారనుకోవచ్చు. ఆ విద్య కొన్ని వర్ణాల పురుషులకే పరిమితమైనదన్న నిజాన్ని దాచి దాన్ని ఆదర్శంగా నిలపడం తగదు. ఆ ఒక్క గ్రహింపును మాత్రం అక్కడినుంచి స్వీకరించవచ్చు.

తిరిగి వెళ్లడం కష్టమయ్యేది ఇంటిమీది బెంగ వల్లనే అని సాధారణంగా అనుకొంటారు గాని, అది సగం నిజమే. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన తాత్త్వికుడు ఆల్ఫ్రెడ్ షుట్జ్, యుద్ధం నుంచి ఇంటికి మరలే సైనికులను దృష్టిలో ఉంచుకొని 1945లో ప్రచురించిన వ్యాసంలో, ఇంటికి చేరినవాడికి ఇల్లు కొత్తగా, ఇంటివారికి అతడు కొత్తగా కనిపించడంలోని బాధను విశ్లేషించాడు. ఒకరి లోటు లేకుండానే ఇంటి దినచర్య కుదురుకొని ఉంటుంది. దూరంగా ఉన్నవాడి అనుభవమేమో ఇంటివారి ఊహకు అందనిదై ఉంటుంది. యుద్ధంతో కళాశాలను పోల్చడం అతి అవుతుంది గాని, ఈ విశ్లేషణ సంక్రాంతికి ఇల్లు చేరిన విద్యార్థికీ వర్తిస్తుంది. చదువుకొన్న బల్ల తమ్ముడిదైపోయి ఉంటుంది; తల్లి అడిగి అడిగి వడ్డించడంలో ప్రేమతో పాటు, చుట్టపుచూపుగా వచ్చినవారికి చేసే మర్యాద కూడా కొంత కలిసి ఉంటుంది. అలా ఇంట్లో అతిథిగా మారుతున్నానన్న ఎరుకతో బయలుదేరిన విద్యార్థికి హాస్టల్ గది ఒక విచిత్రమైన ఊరటనిస్తుంది, ఎందుకంటే అక్కడ తనను అతిథిగా చూసేవారెవరూ ఉండరు.

కనుమ నాడు కాకైనా కదలదని సామెత. ఆ మరునాటి నుంచి పంతంగి టోల్ ప్లాజా దగ్గర హైదరాబాదు దిక్కుగా బారులు తీరే వాహనాల్లోనూ, ఆర్టీసీ నడిపే ప్రత్యేక బస్సుల్లోనూ ఉద్యోగులతో పాటు ఈ విద్యార్థులూ ఉంటారు. వారి సంచుల్లో పుస్తకాలకన్నా డబ్బాలే బరువు. ఆ రాత్రి హాస్టల్ గదిలో వరంగల్లు సకినాలూ భీమవరం అరిసెలూ ఒకే పాత కాగితం మీదికి చేరతాయి, ఎవరి అమ్మ చేతి వంట ఎవరు తిన్నారో లెక్క ఉండదు. సొంత ఊళ్లలో ఒక వీధివారు మరొక వీధివారి ఇంట చేయి కడగని పరిస్థితి ఇంకా పూర్తిగా పోని సమాజంలో, ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని ఈ పంపకాన్ని విద్యలో భాగంగానే లెక్కించాలి. జూన్‌లో ఒకరికొకరు కేటాయించబడినవారు జనవరిలో ఒకరికోసం ఒకరు తెచ్చుకొంటారు. కేటాయింపు సహవాసంగా మారిన సంగతి ఆ డబ్బాల మూతలు తీసినప్పుడు తెలుస్తుంది.

అయితే ఈ అంగీకారం గురించి చెప్పినదంతా తిరిగి రాగలిగినవారికే చెల్లుతుంది. పండుగ వచ్చేది పొలంలో పని నిండుగా ఉండే రోజుల్లో. గోదావరి డెల్టాలో దాళ్వా నాట్లు, గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో మిరపకోతలు, తెలంగాణ పల్లెల్లో ఇంకా మిగిలిన పత్తితీత, వీటన్నిటికీ చేతులు కావాలి. ఇంటికి వచ్చిన డిగ్రీ విద్యార్థిని ఇంకో వారం ఉండిపొమ్మని అడిగే తండ్రిని నిందించడం సులభం గాని, కూలి రేటు తెలిసినవారు ఆ పని చేయరు. ఆడపిల్లల విషయం ఇంకా సున్నితమైనది. పుష్యమాసం పెళ్లిళ్లకు పనికిరాదని, మాఘం మంచిదని ఎక్కువమంది నమ్మకం. పండుగకు బంధువులందరూ ఒకచోట చేరతారు. సంబంధాల మాట అక్కడే కదులుతుంది. చదువు ఆపించాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోయినా, ‘ఈ నెల ఆగి చూద్దాం’ అన్న ఒక్క మాటతో రెండవ ప్రవేశం తప్పిపోతుంది. మొదటి ప్రవేశానికి బోధన రుసుం తిరిగి చెల్లింపు, వసతి గృహం, ఉపకారవేతనం ఉన్నాయి. ఈ రెండవదానికి రక్షణ లేదు. తమ వంశంలో కళాశాల మెట్టెక్కిన తొలి తరం విద్యార్థికి జనవరి బస్సు ఎక్కడమంటే, ఇంట్లో ఎవరూ నడవని దారిని, ఇంటి అవసరం కళ్లముందు ఉండగా, తన ఇష్టంతో మళ్లీ ఎన్నుకోవడం. అంతటి నిర్ణయాన్ని పద్దెనిమిదేళ్ల వయసులో తీసుకొనేవారిపట్ల సమాజానికి ఉండవలసిన గౌరవం ఉన్నట్లు కనబడదు.

  

ఇక కళాశాలల బాధ్యత. సెలవులు ముగిసిన మొదటి వారంలోనే మిడ్ పరీక్షలు పెట్టడం, 75 శాతం హాజరు లెక్కను బెదిరింపుగా ప్రకటించడం చాలాచోట్ల ఆనవాయితీ. తిరిగి వచ్చేలా చేయడానికి భయం అవసరమని భావించేవారు, వచ్చినవారు ఏమి విడిచి వచ్చారో ఆలోచించడం లేదు. ఆ వారాన్ని పాత పాఠాల పునశ్చరణకూ, విద్యార్థులతో మాట్లాడడానికీ కేటాయించడం ఏ విశ్వవిద్యాలయానికీ భారం కాదు. తరగతి గదిలో పేర్లు పిలిచే అధ్యాపకులకూ, హాస్టల్ వార్డెన్లకూ ఒక విన్నపం: పండుగ వెళ్లిన నాలుగవ రోజుకు కూడా రానివారి జాబితా తయారుచేసి, గైర్హాజరు వేసి ఊరుకోకుండా, ప్రతి ఇంటికీ ఫోను చేయండి, ఫోను అందని ఇంటికి, మాఘమాసపు ముహూర్తాలు మొదలవకముందే, స్వయంగా వెళ్లి రండి.