చూచిన కన్నులు

రోమను కతోలికుల సంగతి మన పత్రికలో ఏల అని కొందరు సహోదరులు అడుగవచ్చును. వారికిని మనకును భేదములు కలవు, నిజమే. అయినను దేవుడు చేసిన నేలను గూర్చి ఎవరు సత్యము పలికినను వినుట మనకు నష్టము కాదు.

2015వ సంవత్సరములో పోపు ఫ్రాన్సిస్ గారు ‘లౌదాతో సీ’ అను లేఖను వెలువరించిరి. ఈ భూమి మనందరి ఉమ్మడి ఇల్లనియు, దాని మొరను పేదవాని మొరతో కలిపి వినవలెననియు అందులో బోధించిరి. వానలు తప్పినప్పుడు మొదట వలసపోవువాడు కూలివాడే గనుక, ఈ సంగతి మన పల్లెలకు విడమరచి చెప్పనక్కరలేదు. దేవుడు ఆదామును తోటలో ఉంచినది దున్నుటకు మాత్రమే కాదు, కావలి యుండుటకును. దున్నుట మనము మరువలేదు.

లేఖ పెద్దది, అందరును చదువరు. కనుక అదే యేట డిసెంబరు 8వ తేదీ రాత్రి, రోములోని పరిశుద్ధ పేతురు దేవాలయపు ముఖము మీదనే అడవుల, జంతువుల, సముద్రముల చిత్రములను వెలుతురుతో చూపిరి. గుడి గోడ మీద మృగములేమని కతోలికులలోనే కొందరు నొచ్చుకొనిరి. పిమ్మట 2022లో ‘ది లెటర్’ అను చలనచిత్రము వచ్చెను. సెనెగల్, బ్రెజిల్, హవాయి, మన దేశము, ఈ చోట్లనుండి వచ్చినవారు పోపుగారితో మాటలాడుట అందులో గలదు.

బొమ్మ ప్రసంగము చేయగలదా? వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు వ్రాసెను. మన పెద్దలు బొమ్మలకు జంకినది ఊరక కాదు. అయితే పువ్వులను, పక్షులను చూడుడని ప్రభువే చెప్పెను గదా! నాతాను ప్రవక్త దావీదుకు గొఱ్ఱెపిల్ల కథను బొమ్మ కట్టినట్లు చెప్పెను. రాజునకు కోపము రగిలెను, కాని ఎవరిమీద? పొరుగువాని మీద. నాతాను వేలు చూపువరకు ఆ కథ తనదని అతనికి తెలియలేదు. చిత్రమునకు అట్టి వేలు లేదని మాకు తోచుచున్నది.

మొన్న మా గుడి ఆవరణలో తెల్లగుడ్డ కట్టి ఆ సినిమా వేసితిమి. సెనెగల్ పిల్లవాని కష్టమునకు తల్లులు కొంగుతో కన్నులు ఒత్తుకొనిరి. తెల్లవారి చూడగా, ఆ రాత్రి అందరికిని టీ పోసిన ప్లాస్టికు గ్లాసులన్నియు గుడి వెనుక పంటకాలువలో తేలుచుండెను. ఒక అవ్వయు మేమును మోకాలిలోతు నీళ్లలో దిగి ఏరితిమి. “సినిమాలో ఏడ్చినది మనమే గదా అయ్యగారూ!” అని ఆమె నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

వచ్చు ఆదివారమునకు నాతాను కథనే తీసికొంటిమి. ఆ గ్లాసులు అంగడినుండి కొని తెచ్చినవారము మేమేయని మొదటి వాక్యముగా వ్రాసికొంటిమి.