పాటయు బ్రతుకుతెరువును

ఇటీవల నానక్‌రామ్‌గూడలో నా మేనల్లుని యింట రెండుదినములు గడపితిని. అతడచ్చట నొక కంపెనీలో కంప్యూటరు పని చేయుచున్నాడు. 2023లో అమెరికా కాన్సులేటు బేగంపేటనుండి యా నానక్‌రామ్‌గూడకే తరలివచ్చినది. ఆ దేశమునకు బోవ గోరు మన బిడ్డలు దాని వాకిట నిలిచియుందురు. ఆ దేశపు పాటలు మాత్ర మే యనుమతియు నడుగక యెన్నడో మన యిండ్లలో బ్రవేశించినవి.

సాయంకాలము మేనల్లుడు గిటారు మీటుచు జేమ్స్ టేలరు 1970లో వెలువరించిన "ఫైర్ అండ్ రెయిన్" అను పాట పాడి, "మామయ్యా, మాటయు, వరుసయు, గొంతుకయు నొక్కనివే. మనలో నిట్టివారు కలరా?" యని యడిగెను. నేను తూర్పుదిక్కు చూపి, "ఆ వైపున గోలకొండ కోట యున్నది. అచటి చెరసాలలో కంచెర్ల గోపన్న తన గోడు తానే కట్టి పాడుకొనెను. వాగ్గేయకారుడను మాట మనకు గ్రొత్తది కా"దంటిని. అతడు నవ్వి, "ఆయన తహసీలుదారు, ఉద్యోగము వేరు, పాట వేరు. వీరికి పాటయే యుద్యోగము. అది తప్పా?" యనెను. నా కప్పుడు బదులు తోచలేదు.

పాట నమ్ముకొనరాదని మన పెద్దల తలంపు. త్యాగరాజస్వామి యుంఛవృత్తితో జీవించి, రాజాశ్రయమును గోరకుండెనని మనము గర్వముతో జెప్పుకొందుము. కాని యిట్లు చెప్పువారిలో ననేకులు నెల తప్పక జీతము పుచ్చుకొనువారే! వంటవానికి, దీపముల వానికి వెల యిచ్చి, పాటవానికి మాత్రము వైరాగ్యము బోధించుట ధర్మమగునా? కడుపు మాడ్చినంతమాత్రమున పాట పవిత్రము కానేరదు.

అయినను వెలలో నొక యపాయము కలదు. పరుల మాట పాడువాడు "ఇది నా మాట కా"దని తప్పుకొనవచ్చును. తన మాట తాను పాడువానికి ఆ చాటు లేదు. అతడు సరకుతోబాటు తన్నుగూడ నంగడిలో నిలుపుచున్నాడు. టేలరు యౌవనమున మనోవ్యాధిచే చికిత్సాలయమున నుండెను. ఒక స్నేహితురాలి మరణమును విని కుమిలెను. ఆ దుఃఖమే యా పాట. దానినే దశాబ్దముల తరబడి సభలలో నతడు పాడవలసివచ్చినది. శోకము శ్లోకమగుట మన మెరుగుదుము. శోకము ప్రతిరాత్రి కొలువగుట యెట్టిదో యూహింపుడు.

బిల్ విథర్సు అను మఱియొక యమెరికను గాయకుడు విమానభాగముల కర్మాగారములో పనిచేయుచునే 1971లో దన తొలి పాటలు వెలువరించెను. కీర్తి వచ్చిన పిదప, కంపెనీ పెద్దలు తన పాటలో వ్రేలు పెట్టుట సహింపక, 1985 తరువాత గ్రొత్త సంపుటము నేదియు వెలువరింపలేదు. 2020లో మరణించువఱకు నా పట్టు వీడలేదు. ఆయన పాట నమ్మెను, మాట నమ్మలేదు.

మన గద్దరు, అనగా గుమ్మడి విఠల్‌రావు, దీనికి విపరీతముగా బ్యాంకి యుద్యోగము వదలి పాటను బట్టెను. 1997 ఏప్రిలు 6న దుండగులు కాల్చిన గుండ్లలో నొకటి 2023లో గతించువఱకు నాయన దేహముననే యుండెను. ఎన్నికల బహిష్కరణమును బాడిన యాయన 2018లో దొలిసారి యోటు వేయగా, పూర్వపు శ్రోతలలో గొందఱు నొచ్చుకొనిరి. ఆయన మార్గము మంచిదో చెడ్డదో యిచట ప్రస్తుతము కాదు. గాయకుడు మన మొకనాడు మెచ్చిన మాటలోనే కడవఱకు బంధింపబడి యుండవలెనని కోరుటకు మనకేమి హక్కు? టికెట్టు కొన్నవాడును, చప్పట్లు కొట్టినవాడును నిచట నొక్కటే తప్పు చేయుచున్నారు. పాటకు వెల యిచ్చుట న్యాయము. పాటగానిని గొనజూచుట యన్యాయము.

ఇక వెలయు, పేరును రెండును ఎగవేయుట యన్నిటికంటె నీచము. అందెశ్రీ బడి యెరుగడు. పసులు గాచెను, కూలి చేసెను. ఆయన రచించిన "జయ జయహే తెలంగాణ" ఉద్యమకాలమున ననేక సభలలో మ్రోగినది. 2014లో రాష్ట్ర మేర్పడినను, అది యధికారముగా రాష్ట్రగీత మగుటకు 2024 జూను 2 దాక పది సంవత్సరములు పట్టినది. మఱుసటి యేడు నవంబరులో నా కవి కన్నుమూసెను.

ఆ రాత్రి మేనల్లుని నా పాటను గూర్చి యడిగితిని. పాట మొదటినుండి వచ్చును. కట్టినవాని పే రెరుగడు. టేలరు పే రెరుగును. అతడు సిగ్గుపడెను, నేనును సిగ్గుపడితిని, చిన్నప్పుడతనికి పాటలు నేర్పినవాడను నేనే గనుక.

చదువరులారా, మీ బిడ్డలకు పాటతోగూడ దాని కర్త పేరు నేర్పుడు. శుభకార్యమునకు బిలిచిన పాటవానికి, అతడు నోరు తెరచి యడుగకమునుపే, మీరొప్పుకొన్న సొమ్ము చెల్లింపుడు. ఏమి పాడవలెనో యతనికే విడువుడు.